కాశీనగర్ దగ్గరో పొలం, కొత్తూరు పక్క ఇంకో పొలం – పంట నష్టం డబ్బులు ఎక్కడ అడగాలి?

వంశధార కుర్రోడు
అన్నలూ, మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర. నాన్న పేరు మీద ఇక్కడ ఎకరన్నర పట్టా, అదికాక బోర్డర్ అవతల ఆంధ్రలో కొత్తూరు పక్క రెండెకరాలు కౌలుకి చేస్తన్నాం. తుఫాను వానకి రెండుచోట్లా వరి పడిపోయి నీళ్లలోనే నానింది, వెన్నుకి మొలకలొచ్చేసాయి. ఇక్కడ సర్వే రాసుకెళ్లారు, లిస్టులో నాన్న పేరుందంట, కానీ పక్కింటోళ్లకి డబ్బులు పడ్డాయి మాకు పడలేదు. అవతల పొలానికైతే ఎవరూ రాలేదు. మా ఆధార్ ఒడిశాది కదా, దానికి కూడా ఇక్కడే అడగాలా? ఆఫీసుకెళ్తే రేపు రా అంటన్నారు.

పాతపట్నం బాబాయ్
పొలం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రమే ఇస్తాది బాబూ. కొత్తూరు పొలం గురించి ఒడిశా ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గరికెళ్తే లాభం నేదు. ఆంధ్రలో ముందు ఈ-క్రాప్‌లో, అంటే ఎవరు ఏ పంట వేసారో రాసే సర్కారు ఆన్‌లైన్ లెక్కలో, పంట ఎక్కిందా లేదా, ఎక్కితే ఎవరి పేరుతో ఎక్కింది అన్నది రైతు సేవా కేంద్రంలో కనుక్కో. కౌలు కార్డు లేకపోతే చాలాచోట్ల ఆసామి పేరే ఎక్కించేస్తారు, అప్పుడు డబ్బులు కూడా ఆయనకే పోతాయి. కార్డుకి సంతకం పెట్టమంటే పొలం ఎక్కడ పోతాదోనని వాళ్ల భయం, మరి పెట్టుబడి పెట్టినోడి గతేంటి?

గుణుపురం రైతు
రేట్లు కూడా తెలుసుకో తమ్ముడూ. కేంద్రం 2022-26కి పెట్టిన రూల్ ప్రకారం 33 శాతం, ఆపైన పంట పోవాలి, వర్షాధారమైతే హెక్టారుకి 8,500, నీటి వసతి ఉంటే 17,000, అది కూడా 2 హెక్టార్ల వరకే. అంటే వర్షాధారం ఎకరానికి 3,400 చిల్లర, కోత కూలీకే సరిపోదు. నీది కాలవ పొలమైతే సర్వే కాగితంలో వర్షాధారం అని రాసేసారేమో చూడు, సగానికి సగం తేడా. 2024 సెప్టెంబర్ వరదలకి ఆంధ్రలో వరికి హెక్టారుకి 25,000 ఇచ్చారు. గట్టు ఇవతలొక రేటు అవతలొక రేటు, నీళ్లు మాత్రం రెండువైపులా ఒకేలా ముంచాయి.

పర్లాకిమిడి నెట్ సెంటర్
లిస్టులో పేరుండి పడలేదంటే నూటికి తొంభై ఆధార్ సీడింగ్ (ఖాతాకి ఆధార్ కలపడం) గొడవే. ఎన్ని ఖాతాలున్నా చివరగా ఆధార్ దేనికి సీడ్ అయితే దాన్లోకే పోతాయి, రైతులేమో ఇంకో పాస్‌బుక్ పట్టుకుని తిరుగుతుంటారు. ఫోన్లో *99*99*1# కొడితే ఏ బ్యాంకో చూపిస్తాది. ఖాతా ఆగిపోయుంటే కేవైసీ ఇచ్చి తెరిపించండి. ఇంకోటి, ఫసల్ బీమా వేరు ఈ సాయం వేరు. బీమా కట్టి ఉంటే పంట దెబ్బతిన్న 72 గంటల్లో 14447కి చెప్పాలి, అది చెప్పారా?

వంశధార కుర్రోడు
బీమా కట్టనేదు అన్నా, మా ఒడిశాలో ఒక్క రూపాయే అని తెలిసి కూడా. నంబర్ కొట్టి చూసాను, ఎప్పుడో జన్‌ధన్ టైంలో ఖాతా తీసిన బ్యాంకు చూపిస్తంది, ఆ పాస్‌బుక్కే ఇంట్లో లేదు, సోమవారం నాన్నని బ్యాంకుకి తీసుకెళ్తాను. కొత్తూరు ఆసామికి ఫోన్ చేస్తే మాత్రం ఎత్తట్లేదు.

పాతపట్నం బాబాయ్
ఫోన్లెందుకు, ఇంటికే ఎల్లు. వెళ్లేముందు ఈ-క్రాప్‌లో ఎవరి పేరుందో చూసుకుని మరీ ఎల్లు.