యాడ్ఆన్‌ను ‘కొసరు’ అనవచ్చా?

హనుమకొండలో మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవుల్లో వాడితో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటకు ఒక చిన్న యాడ్ఆన్ (ఆటకు అదనంగా తగిలించే ప్రోగ్రామ్) రాయించాను. "మామా, దీన్ని తెలుగులో ఏమంటరు?" అని అడిగాడు. ముందు ‘అనుబంధం’ అన్నాను. పుస్తకం చివరి పేజీల్లా ఉంది. తర్వాత ‘కొసరు’ తట్టింది. కూరగాయలు తూచాక అక్క "ఇంకో రెండు మిరపకాయలు కొసరెయ్యి" అంటుంది, ఆ కొసరే. ఇక వాడికి విప్పి చెప్పాల్సిన పని పడలేదు. యాడ్ఆన్ కూడా ఆట అసలు ఫైళ్ల జోలికి పోదు, పక్కన తన ఫోల్డర్‌లో ఉంటుంది. ఆట లేకుండా దానికి బతుకు లేదు. మీరేమంటారు?

జవాబు: అన్నా, కొసరు ఇచ్చేది అమ్మేవాళ్లు. ఇక్కడ రాసుకునేది ఆడేవాళ్లే కదా. ‘చేర్పు’ అంటే సరిపోదా?

నా జవాబు: మంచి ప్రశ్న తమ్మీ. కానీ ‘కొసరు’ క్రియ కూడా. కొసరి అడుగుతాం, కొసరి కొసరి వడ్డిస్తాం. ఇంకొంచెం కావాలని అడిగేవాళ్ల కోరికా అందులోనే ఉంది. ‘చేర్పు’లో నాకు అది వినిపించదు.

నాకు అసలు చిక్కు ‘ఈవెంట్’ దగ్గర వచ్చింది. ఆటలో ఏదైనా జరిగినప్పుడు యాడ్ఆన్‌కు అందే కబురు అది. ‘సంఘటన’ అంటే పేపర్ వార్తలా ఉంది. నేను ‘చాటింపు’ అన్నాను. ఆటగాడు లోపలికి రాగానే ఆట ‘ప్లేయర్ లాగిన్’ అని చాటుతుంది. అయితే ఊళ్లో డప్పు చాటింపు అందరికీ వినపడుతుంది, ఇక్కడ అలా కాదు. ముందుగా కోడ్‌లో ఒక ఫ్రేమ్ (యాడ్ఆన్ తరఫున చాటింపులు అందుకునేది) చేసి, దానికి ఫలానా చాటింపు కావాలని నమోదు చేయాలి. అది మరిచిపోతే ఎర్రర్ కూడా రాదు, అంతా నిశ్శబ్దం. మా వాడు గంటసేపు అక్కడే ఆగిపోయాడు. పైగా ఈ ఫ్రేమ్ తెరమీద కనిపించదు, చెవిలా వింటూ ఉంటుంది. అందుకే ‘చట్రం’ అనడానికి నోరు రాలేదు, ఫ్రేమ్‌ను ఫ్రేమ్‌గానే ఉంచాను.

ఇంకో జవాబు: సార్, ఈ యాడ్ఆన్లు రాసే ‘లువా’ ప్రోగ్రామింగ్ భాష పేరును కూడా మార్చాలా?

నా జవాబు: వద్దమ్మా. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన భాష అది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు. అర్థం చెబితే చాలు, పేరు పేరుగానే ఉండాలి. యాడ్ఆన్ ఫోల్డర్‌లో ఉండే ‘టాక్’ (టేబుల్ ఆఫ్ కంటెంట్స్) ఫైలు మాత్రం నిజంగా విషయసూచికే: ఆట ఏ వెర్షన్‌కు రాశాం, ఏ ఫైళ్లు చదవాలి అన్నది అందులో ఉంటుంది. దాని పేరు, ఫోల్డర్ పేరు ఒకటే కావాలి. మా వాడు ఫోల్డర్‌కు ఇంగ్లిష్ అక్షరాల్లో ‘కొసరు’ అని పెట్టి, ఫైలు పేరులో ఒక అక్షరం వదిలేశాడు. యాడ్ఆన్ల జాబితాలో అది కనబడనే లేదు. ఆ అక్షరం చేర్చి ఆట మళ్లీ తెరిస్తే, చాట్ పెట్టెలో వాడు రాసిన మాట పడింది: "అల్లుడు వచ్చిండు".