ఎక్సర్‌సైజులన్నీ పచ్చగా వస్తున్నాయి, ఖాళీ ఫైలు తెరిస్తే మాత్రం ఒక్క లైను రాదు. ఏం చేయాలి?

గుణుపూర్_ప్లస్‌త్రీ

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్. ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలా అంటారు) సైన్స్ రెండో ఏడాది, కంప్యూటర్ సైన్స్. బడి చదువంతా ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. కాలేజీలో సీ చెప్పారు, పైథాన్ నా అంతట నేనే ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాను.

నా ఇబ్బంది ఏమిటంటే, సగం కోడ్ వాళ్లే రాసిచ్చి ఖాళీలు నింపమనే సైట్లలో అన్నీ సరిగ్గానే చేస్తున్నాను, మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. అదే ప్రశ్న పుస్తకంలో చూసి ఖాళీ ఫైలులో మొదటినుంచి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. కాసేపు ఆలోచించి సమాధానం చూస్తాను, చూస్తే అంతా అర్థమవుతుంది, వారం తర్వాత అదే ప్రశ్న మళ్లీ కొత్తగా అనిపిస్తుంది. వైజాగ్‌లో చదివే మా పిన్ని కూతురు లీట్‌కోడ్‌లో 300 ప్రశ్నలు చేస్తే గానీ ఉద్యోగం రాదంటోంది, అది విన్నప్పటినుంచి టెన్షన్. ల్యాప్‌టాప్ అన్నయ్యది, సాయంత్రం మాత్రమే దొరుకుతుంది, వానాకాలం కరెంటు, నెట్ రెండూ నమ్మలేం. ఏ సైట్‌లో చేయాలి? సీ, పైథాన్ రెండూ కలిపి చేయొచ్చా? సమాధానం చూడటం తప్పా?

పర్లాకిమిడి_కోడర్

చెల్లెమ్మా, ముందు 300 అనే అంకె పక్కన పెట్టు. లీట్‌కోడ్, కోడ్‌షెఫ్, కోడ్‌ఫోర్సెస్ లాంటివి భాష కొంత వచ్చినవాళ్లు లెక్క విప్పడం సాధన చేసే చోట్లు. జవాబు సరైనదేనా, ఇచ్చిన సమయంలో వచ్చిందా, అంతవరకే అవి చూస్తాయి. నువ్వు పైథాన్‌లో కూర్చుని సీ పద్ధతిలో రాస్తున్నా అవి ఏమీ అనవు. ఉద్యోగం పరీక్షలకు అవి కావాలి, కాదనను, కానీ నీకు ఇప్పుడు కావలసింది భాష చేతికి రావడం.

దానికి నేను ఎక్సర్సిజం అనే సైట్ చెబుతాను. 2013లో కత్రినా ఓవెన్ మొదలుపెట్టారు, ఉచితం, 70కి పైగా భాషలున్నాయి. అక్కడ ప్రతి ఎక్సర్‌సైజుతో పాటు టెస్టుల ఫైలు ఇస్తారు, అది నీ కోడ్‌ను నడిపి జవాబు సరైతే పచ్చగా, తప్పయితే ఎర్రగా చూపిస్తుంది. నువ్వు రాసి పంపాక మిగతావాళ్లు అదే ఎలా రాశారో చూడొచ్చు, మెంటర్‌ని అడిగితే ఓపిగ్గా చదివి చెప్పేవాళ్లూ ఉంటారు, వాళ్లంతా స్వచ్ఛందంగా చేసేవాళ్లే.

ఒక ఉదాహరణ చెబుతాను, నేను ఎవరికి నేర్పినా ముందు ఇదే చేయిస్తాను. హ్యామింగ్ అనే ఎక్సర్‌సైజు ఉంది. రెండు డీఎన్ఏ పోగులు ఇస్తారు, ఎన్ని చోట్ల అక్షరాలు వేరుగా ఉన్నాయో లెక్కపెట్టాలి. పైథాన్ కొత్తగా నేర్చుకున్నవాళ్లకు జిప్ అనే ఫంక్షన్ భలే సుఖంగా ఉంటుంది, రెండింటినీ జతలు జతలుగా ఇచ్చేస్తుంది. కానీ ఒక పోగు పొట్టిగా ఉంటే జిప్ అక్కడే ఆగిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు, ఒక అంకె తిరిగొస్తుంది, ఆ అంకె తప్పని నీకు తెలియను కూడా తెలియదు. టెస్టుల ఫైలులో మాత్రం పొడవులు సమానం కాకపోతే ఎర్రర్ రావాలని ఉంటుంది, అక్కడ ఎర్రగా చూపిస్తుంది. జిప్ గురించి వీడియో చూస్తే వారానికి మర్చిపోతావు, ఇలా దొరికిపోతే మర్చిపోవు. అందుకే కోడ్ మొదలుపెట్టకముందే టెస్టుల ఫైలు మొత్తం చదువు. ప్రశ్నలో చెప్పకుండా వదిలేసినవి చాలా వరకు అందులోనే ఉంటాయి.

సీ మాత్రం ఇప్పుడు వద్దు. పైథాన్ ఒక్కటే పట్టుకో.

బరంపురం_మాస్టారు

అమ్మా, పై తమ్ముడు చెప్పిన మిగతావన్నీ బాగున్నాయి, సీ వదిలేయమనడం మాత్రం నాకు నచ్చలేదు. నీకు పరీక్షలో సీ ఉంది, ఎలాగూ చదవాలి. ఒక ఎక్సర్‌సైజు పైథాన్‌లో అయ్యాక అదే మళ్లీ సీలో రాయి, అప్పుడు రెండు భాషల స్వభావాలూ తెలుస్తాయి. మైనస్ 7ను 3తో భాగిస్తే శేషం ఎంత? సీలో % గుర్తు పెడితే మైనస్ 1 వస్తుంది, పైథాన్‌లో అదే గుర్తుకు 2 వస్తుంది. క్లాక్ అనే ఎక్సర్‌సైజులో గంటలు, నిమిషాలు మైనస్‌లో ఇచ్చే టెస్టులున్నాయి. పైథాన్‌లో 24తో శేషం తీస్తే సరిపోతుంది, సీలో అలాగే రాస్తే గంటలు మైనస్‌లోనే ఉండిపోతాయి, ఇంకో 24 కలపాలి. ఒక్క భాషలోనే చేసినవాళ్లకు ఇందులో ఆలోచించాల్సినది ఉందనే తట్టదు.

ఇక అసలు సంగతి. ఖాళీ ఫైలు ముందు ఆగిపోతున్నానన్నావు. నా దగ్గర చదివే పిల్లల్లో తెలుగువాళ్లయినా, ఒడియావాళ్లయినా ఎక్కువమంది ఆగేది కోడ్ దగ్గర కాదమ్మా, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న దగ్గర. పదాలు అర్థమవుతాయి, చేయాల్సిన పని మనసులో ఏర్పడదు. కాబట్టి ప్రశ్న చదివాక ల్యాప్‌టాప్ మూసి, అందులో ఏమడిగారో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పు, ఎవరూ లేకపోతే కాగితం మీద రాయి. గుణుపూర్ సంతకు వచ్చే సవరలతో బేరాలాడుతూనే సవర మాటలు నేర్చిన అమ్మలున్నారు, ఎవరూ వాళ్లకు వ్యాకరణం చెప్పలేదు, పని గడవాలి కాబట్టి మాట వచ్చింది. నీకూ ముందు పని తెలియాలి, తర్వాత మాట.

ఆ తర్వాత చేత్తో లెక్క చేయి. లీప్ సంవత్సరం ప్రశ్న తీసుకో. 2024 అవును, 2023 కాదు, ఇక్కడిదాకా అందరూ రాస్తారు. 1900 రాయి. 4తో భాగించబడుతుంది, అయినా లీప్ కాదు, ఎందుకంటే 100తోనూ భాగించబడుతుంది. 2000 రాయి. 100తో భాగించబడినా 400తోనూ భాగించబడుతుంది కాబట్టి లీప్. ఈ నాలుగు ఏళ్లకు జవాబులు కాగితం మీద ఉంటే కోడ్‌లో ఏ షరతు ముందు రావాలో చెయ్యే చెబుతుంది.

సమాధానం చూడటం తప్పు కాదు. నీ బుర్రలోంచి తప్పో ఒప్పో ఒక ప్రయత్నం కాగితం మీదకు వచ్చాక చూడు. చూశాక ఆ పేజీ మూసేసి, మర్నాడు ఏమీ చూడకుండా మళ్లీ రాయి. ఎక్కడ ఆగుతావో నీకు రానిది అక్కడుంది, ఆ రోజు అది ఒక్కటి చదువుకుంటే చాలు. ఖాళీలు నింపే సైట్లు ఆపేయి తల్లీ, వాటిలో ఆలోచన వాళ్లదే, నువ్వు పెడుతున్నది చివరి ముక్క.

జయపురం_మొబైల్‌కోడ్

కరెంటు, నెట్ గురించి ఎవరూ చెప్పలేదు. అక్కా, ఎక్సర్సిజంకు కమాండ్ లైన్ టూల్ (ఆదేశాలు టైప్ చేసి వాడేది) ఉంది. నెట్ ఉన్నప్పుడు నాలుగైదు ఎక్సర్‌సైజులు దించేసుకో, టెస్టులు కూడా వాటితోనే వచ్చేస్తాయి. టెస్టులు నడిపే పైటెస్ట్ ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే టెస్టులన్నీ నీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి, మళ్లీ నెట్ కావాల్సింది పంపేటప్పుడే. ల్యాప్‌టాప్ దొరకని పూట ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ పెట్టుకో, నెట్ లేకుండానే పైథాన్ నడుస్తుంది. కీబోర్డు చిన్నది, పెద్ద ప్రోగ్రాములకు విసుగొస్తుంది, లీప్ లాంటివాటికి మాత్రం హాయిగా సరిపోతుంది. నేను డిగ్రీలో సగం రోజులు ఫోన్‌లోనే చేశాను.

గుణుపూర్_ప్లస్‌త్రీ

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారు గారూ, ప్రశ్నను అమ్మకు తెలుగులో చెప్పి చూశాను. చెబుతుంటే మధ్యలో నాకే తెలిసింది, రెండు పోగులూ ఒకే పొడవుండాలన్న సంగతి నేను అసలు పట్టించుకోలేదని. హ్యామింగ్ ఖాళీ ఫైలులోనే మొదలుపెట్టి రాశాను. లెక్కపెట్టే టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. పొడవులు వేరుగా ఉన్న టెస్టులు మాత్రం రావట్లేదు. పొడవు సరిపోకపోతే మెసేజ్ ప్రింట్ చేసి సున్నా రిటర్న్ చేస్తున్నాను, స్క్రీన్ మీద మెసేజ్ కనిపిస్తోంది కూడా. అయినా ఎందుకు ఫెయిల్ అంటోంది?

పర్లాకిమిడి_కోడర్

శభాష్ చెల్లెమ్మా. ప్రింట్ అనేది మనిషి చూడటానికి, పిలిచిన ప్రోగ్రాముకు అది కనిపించదు. దానికి నీ దగ్గర్నుంచి అందింది సున్నా ఒక్కటే, అంటే రెండు పోగుల్లో తేడా ఏమీ లేదని అర్థం. రిటర్న్ తీసేసి అక్కడ రెయిజ్‌తో వాల్యూఎర్రర్ లేపు, అంటే ఇచ్చిన విలువ తప్పని పిలిచిన ప్రోగ్రాముకే తెలిసేలా ఎర్రర్ పంపు. మెసేజ్ టెస్టుల ఫైలులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, చివర ఫుల్‌స్టాప్‌తో సహా. అది పచ్చగా వచ్చాక మాస్టారు చెప్పినట్టే సీలో కూడా రాయి, అక్కడ రెయిజ్ లేదు, మరి తప్పు జరిగిందని పిలిచినవాళ్లకు ఎలా చెబుతావో ఆలోచించి ఇక్కడే పెట్టు. సీ వద్దన్నాను గానీ, ఈ ఎక్సర్‌సైజుకు మాత్రం మాస్టారి మాటే సరైనది.