ఫోనో ప్రీయాంప్ మార్చాలా, ఉన్నదాంతోనే సరిపెట్టుకోవాలా?

గంటస్తంభం:
అందరికీ నమస్కారం, మాది విజయనగరం. ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ టర్న్‌టేబుల్, దాంతో వచ్చిన వీఎం95ఈ కాట్రిడ్జ్ (సూది ఉండే ముక్క), టర్న్‌టేబుల్ లోపలే ఉన్న ఫోనో ప్రీయాంప్ (కాట్రిడ్జ్ ఇచ్చే సన్న సిగ్నల్‌ని పెంచి దిద్దే సర్క్యూట్). ఇన్నాళ్ళూ ఇదే నా సెట్టు. వినేవి చాలావరకు ఘంటసాల, సుశీల పాత ఎల్‌పీలు, ఇంకా మా తాతగారు దాచిన కొన్ని 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు), అందులో ద్వారం వారి వయొలిన్ కూడా ఉంది. మొన్న వైజాగ్‌లో ఫ్రెండ్ ఇంట్లో విడి ప్రీయాంప్ మీద విన్నాక మనసంతా అక్కడే ఉండిపోయింది. పదిహేను వేల దాకా పెట్టగలను. ఇంట్లో మాత్రం "పాట వస్తోంది కదా, ఇంకేటి కావాలి" అంటున్నారు. కొనమంటారా, మానమంటారా? ఇంకో సంగతి, నా ఎల్‌పీల్లో సైడు చివరి పాటకొచ్చేసరికి 'స', 'ష' అక్షరాలు చిరచిరలాడతాయి.

బొబ్బిలి వీణ:
మానండి. ఆ చిరచిరకీ ప్రీయాంప్‌కీ సంబంధం లేదు. ప్లేటు ఒకే చుట్ల లెక్కన తిరుగుతుంది గానీ, బయటి అంచులో సూది కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు జరిగితే లేబుల్ దగ్గర 20కి కాస్త పైన, అంతే. అంటే అదే 'స' సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని పట్టాలంటే సూది అంచు సన్నగా ఉండాలి. మీ కాట్రిడ్జ్ బాడీకే మైక్రోలైన్ అనే సన్న అంచు సూది ఎక్కుతుంది, స్క్రూలు కూడా విప్పక్కర్లేదు, పాతది లాగి కొత్తది తొయ్యడమే. ఇప్పుడు మీకున్న ఎలిప్టికల్ (కోలమొన) సూదికి కంపెనీ చెప్పే ఆయుష్షు 300 గంటలు, మైక్రోలైన్‌కి 1000. మీది ఎన్నాళ్ళ నుంచి తిరుగుతోందో ముందు చూసుకోండి.

నాగావళి గట్టు:
సూది సంగతి ఒప్పుకుంటాను, కానీ ప్రీయాంప్‌ని మరీ తీసిపారేయకండి. కాట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు, దాన్ని వంద రెట్లు పెంచాలి. అది ఒక్కటే అయితే ఏ యాంప్ అయినా చేస్తుంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, వినేటప్పుడు దాన్ని అచ్చంగా తిరగెయ్యాలి. 1954లో ఖాయమైన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కర్వ్, అంటే ఆ దిద్దుబాటు లెక్క, అదే. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. ఇంత పెద్ద దిద్దుబాటులో మధ్యలో ఒక డెసిబెల్ అటూ ఇటూ అయితే గొంతు ముక్కుతో పాడినట్టో, బొంగురుపోయినట్టో వినిపిస్తుంది. ఇంకోటి కెపాసిటెన్స్, అంటే కేబులూ ప్రీయాంపూ కలిసి కాట్రిడ్జ్ మీద వేసే విద్యుత్ భారం, పికోఫారాడ్లలో కొలుస్తారు. వీఎం95కి 100 నుంచి 200 పికోఫారాడ్లు ఉండాలంటారు, అది మితిమీరితే ట్రెబుల్‌లో ఒక గూను లేస్తుంది. మీ చిరచిరలో దాని వాటా లేదని ఎవరు చెప్పగలరు? ఈ భారం మార్చే స్విచ్‌లున్న ప్రీయాంప్ తీసుకోండి, మా ఇంట్లో తేడా స్పష్టంగా తెలిసింది.

సోల్డరింగ్ ఐరన్:
నాగావళి గట్టు గారికి, అదే మన శ్రీకాకుళం బాబుకి, ఒక ప్రశ్న. తేడా విన్నప్పుడు రెండింటి సౌండూ సమానం చేసి విన్నారా? ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగేదే మన చెవికి "బాగుంది" అనిపిస్తుంది, గెయిన్ (సిగ్నల్ పెంచే శక్తి) ఎక్కువున్న ప్రీయాంప్ షాపులో గెలిచేది ఇలాగే. వైజాగ్ ఫ్రెండ్ ఇంట్లోనూ అంతే, అక్కడ స్పీకర్లు వేరు, గది వేరు, కాట్రిడ్జ్ వేరు, క్రెడిట్ మాత్రం ప్రీయాంప్‌కి పోయింది. కెపాసిటెన్స్ మాట పైకెత్తారు కాబట్టి చెబుతున్నా, లోపలి ప్రీయాంప్‌కి వైరు జానెడు, విడిదానికి మీటరు కేబుల్, ఆ కేబులే పికోఫారాడ్లు మోసుకొస్తుంది. అంటే ఆ లెక్కన లోపలిదే మేలు! చవక సర్క్యూట్‌లో కూడా రెసిస్టర్లు, కెపాసిటర్లు సరిగ్గా ఏరి వేస్తే కర్వ్ అర డెసిబెల్ లోపల ఉంటుంది, ఇదేం బ్రహ్మవిద్య కాదు. మూవింగ్ కాయిల్ అనే ఇంకో రకం కాట్రిడ్జ్‌కి వెళ్తే కథ వేరు, అది మామూలుగా ఇచ్చేది అర మిల్లీవోల్టు లోపే, అక్కడ మంచి ప్రీయాంప్ లేకపోతే బుస్సుమనే మోతే మిగులుతుంది.

బొబ్బిలి వీణ:
అసలు విషయం అందరం వదిలేశాం. ఆయన వినే పాత పాటలు చాలావరకు మోనో, అంటే ఎడమా కుడీ ఒకటే సౌండు. మోనో గాడి పక్కలకే కదులుతుంది, స్టీరియో కాట్రిడ్జ్ పైకీ కిందకీ కదలికను కూడా చదువుతుంది, అక్కడ ఉండేది దుమ్మూ గీతలూ తప్ప పాట కాదు. రెండు ఛానెళ్ళూ కలిపేస్తే ఆ చెత్త చాలావరకు కొట్టుకుపోతుంది. ప్రీయాంప్ కొనే తీరాలంటే మోనో స్విచ్ ఉన్నది చూడండి, బ్రాండు తర్వాత.

గంటస్తంభం:
మా నాన్నగారి యాంప్లిఫయర్ మీద మోనో బటన్ ఉందండీ, ఇప్పుడే నొక్కి చూశాను. టపటపలు బాగా తగ్గాయి, గొంతు మధ్యలోకొచ్చి నిలబడింది. చివరి పాట చిరచిర మాత్రం అలాగే ఉంది. మరి 78లకి?

నాగావళి గట్టు:
ఆ సూదితో 78లు వెయ్యకండి, ముందు అది ఆపండి. ఎల్‌పీ సూది మొన వ్యాసార్ధం 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78 గాడికి 3 మిల్ కావాలి, సన్న సూది గాడి అడుగున మురికిలో దేకుతుంది. మీ బాడీకే ఎస్‌పీ అనే 78 సూది దొరుకుతుంది, బరువు మళ్ళీ సెట్ చేసుకోవాలి. ప్రీయాంప్ అవసరం నిజంగా పడేది ఇక్కడే. 1954కి ముందు ఒక్కో కంపెనీ ఒక్కో కర్వ్‌తో కోసింది, ఆర్‌ఐఏఏ మీద వేస్తే ద్వారం వారి వయొలిన్ దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. కర్వ్‌లు మార్చే ప్రీయాంప్ అయితే పదిహేను వేలకి అర్థం ఉంది.

సోల్డరింగ్ ఐరన్:
ఆయన టర్న్‌టేబుల్‌కి యూఎస్‌బీ ఉంది. 78లు ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కర్వ్ దిద్దుకుంటే పైసా ఖర్చు లేదు.

నాగావళి గట్టు:
ప్లేటు పెట్టుకుని వినాలనుకునేవాడికి కంప్యూటర్ ముందు కూర్చోమని చెప్తారేంటి మేష్టారూ!

సోల్డరింగ్ ఐరన్:
సరే, ఎవరి సరదా వారిది. విడి ప్రీయాంప్ కొంటే రెండు జాగ్రత్తలు. టర్న్‌టేబుల్ వెనక స్విచ్‌ని ఫోనో వైపు తిప్పండి, లేకపోతే రెండు ప్రీయాంప్‌లు వరసలో పడి చెవులు చిల్లులు పడతాయి. గ్రౌండ్ వైరు ప్రీయాంప్‌కి బిగించండి. హమ్ (గుయ్యిమనే మోత) వస్తే యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, ఛస్తే చెయ్యకండి. ముందు ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి, మన వైపు పాత ఇళ్ళల్లో అది పేరుకే ఉంటుంది.

గంటస్తంభం:
అయితే ముందు మైక్రోలైన్, 78 సూదులు తీసుకుంటాను. డబ్బు మిగిలితే ప్రీయాంప్ సంగతి. నాగావళి గారూ, మీ ప్రీయాంప్ ఒకసారి వినొచ్చా?

నాగావళి గట్టు:
ఆదివారం శ్రీకాకుళం రండి, మీ టర్న్‌టేబుల్ కూడా తెచ్చుకోండి. మేష్టారు కూడా వస్తే మీటరు పెట్టి సౌండ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి వేద్దాం. భోజనం మా ఇంట్లోనే.

సోల్డరింగ్ ఐరన్:
వస్తాను. స్విచ్ మాత్రం నేనే మారుస్తాను, మీరు కాదు.