"2, 6 మూలాలుగా, (4, −12) శీర్షంగా గల వర్గ సమీకరణం" అనవచ్చా?

ప్రశ్న: ఒక అభ్యాస పత్రంలో పై వాక్యం కనిపించింది. చదవడానికి సాఫీగానే ఉంది, కానీ ఎక్కడో పొసగడం లేదు. లోపం భాషలో ఉందా, గణితంలో ఉందా?

స్పందన: వ్యాకరణానికి వంక పెట్టలేమండీ. చిక్కంతా "సమీకరణం" దగ్గరే. మూలాలు సమీకరణానికి ఉంటాయి, శూన్యాలు బహుపదికి ఉంటాయి, శీర్షం, అంటే వక్రం మలుపు తిరిగే బిందువు, పరావలయానికి (వర్గ ప్రమేయాన్ని గీస్తే వచ్చే వక్రానికి) ఉంటుంది. ఈ వాక్యం రెండింటి సొత్తును ఒకదానికే కట్టబెట్టింది.

మూలాలు 2, 6 అనగానే వాటి మొత్తం 8, లబ్ధం 12. కాబట్టి ఎక్స్² − 8ఎక్స్ + 12 = 0. అడిగింది సమీకరణమే అయితే లెక్క ఇక్కడితో సరి. మొత్తాన్ని 3తో గుణించి 3ఎక్స్² − 24ఎక్స్ + 36 = 0 అని రాసినా మూలాలు చెక్కుచెదరవు. ఇక శీర్షంతో పనేముంది?

కుడివైపు సున్నా తీసి వై పెట్టి చూడండి, కథ మారిపోతుంది. మొదటిదాని గీతకు శీర్షం (4, −4), రెండోదానికి (4, −12). రెండు వక్రాలూ అక్షాన్ని అవే బిందువుల వద్ద ఖండిస్తాయి, లోతు మాత్రం మూడింతల తేడా. శీర్షం తేల్చేది ఆ గుణకాన్నే: వై = అ(ఎక్స్ − 2)(ఎక్స్ − 6)లో (4, −12)ను ప్రతిక్షేపిస్తే −12 = −4అ, అంటే అ = 3.

ప్రశ్న అడిగినవారు: బాగా విప్పి చెప్పారు. మరి అట్టడుగు బిందువును "శీర్షం" అనడం సబబేనా? తల కిందికి ఉన్నట్టుంది.

స్పందన: త్రిభుజంలో భూమికి రెండు చివరలా ఉన్నవి కూడా శీర్షాలే కదా! గణితంలో ఆ మాట ఎత్తుతో సంబంధం ఎప్పుడో తెంచుకుంది, అందుకని దాన్ని మార్చడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు మాత్రం "ఇక్కడ ఇది కనిష్ఠ బిందువు" అని ఒక్కసారి చెప్పాలి. అ రుణాత్మకమైతే అదే గరిష్ఠ బిందువు.

మరో స్పందన: శీర్షంలోని 4 కూడా అదనమే. అది 2, 6ల సగటు. పొరపాటున (5, −12) అని అచ్చయితే అలాంటి పరావలయమే ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: "ఎక్స్-అక్షాన్ని 2, 6 వద్ద ఖండిస్తూ, కనిష్ఠ విలువ −12గా గల వర్గ ప్రమేయాన్ని కనుగొనండి."

స్పందన: ఈ వాక్యానికే నా ఓటు. "ఖండిస్తూ" అన్న మాటను మాత్రం ఎవరూ తేలిగ్గా మార్చకండి. మూలాలు రెండూ 4 అయితే వక్రం అక్షాన్ని స్పర్శిస్తుంది, శీర్షం (4, 0) అవుతుంది. అప్పుడు ప్రతిక్షేపిస్తే 0 = 0 తప్ప ఏమీ రాదు, అ తేలదు. ఆ లెక్కలో వక్రం మీది మరో బిందువు ఇచ్చి తీరాలి.