చనిపోయిన భార్య తెర మీద ఎట్లా కనపడల్ల? (12 నిమిషాల షార్ట్ ఫిల్మ్, చంద్రగిరి)

పాకాల_ప్యాసింజర్:
కథ ఇదన్నా. చంద్రగిరిలో ఒక టైలరు. పెళ్లయిన రెండేళ్లకే భార్య పోతాది. కర్మలు జరిగే పది రోజులూ ఆమె ఇంట్లోనే ఉంటాది, అతనికి తప్ప ఎవరికీ కనపడదు. పదో రోజు పెట్టిన పిండం కాకి ముట్టదు. ఉండేది ఒక మిర్రర్‌లెస్ కెమెరా, 50 ఎంఎం లెన్సు, స్టాండు, రెండు ఎల్‌ఈడీ లైట్లు. గ్రాఫిక్స్‌కు డబ్బుల్లేవు. ఎడిట్‌లో ఆమెను అపాసిటీ తగ్గించి పారదర్శకంగా చేసి చూస్తే పొట్టలోంచి బీరువా హ్యాండిలు కనిపిస్తా ఉండాది. ఏడవాల్సిన సీనుకు నవ్వుతా ఉండారు. ఏం చెయ్యల్ల? ఆమె గొంతుకు ఎకో పెట్టల్లా? సాయంత్రం కోటలో తీయొచ్చా?

ప్లేట్‌షాట్:
అపాసిటీలో తప్పు లేదు, ఆమెను నిలబెట్టిన చోటే తప్పు. ఆమె వెనక ఖాళీ గోడ ఉండాలి, ఆ గోడ ఆమె కన్నా చీకటిగా ఉండాలి. బీరువా, క్యాలెండరు, గళ్ల కర్టెను పక్కకు జరపండి. చీర లేత రంగుదైతే మేలు, కానీ తెల్లటి తెలుపు వద్దు. లైటు పడగానే మడతలు పోయి కాగితం ముక్కలా అవుతుంది.

ఒకే ఫ్రేములో ఆమెతో ఒక షాటు, ఖాళీ గదితో ఒక షాటు తీసి, ఎడిట్‌లో ఒకదాని మీద ఒకటి వేయాలి. తీసేటప్పుడు అన్నీ మాన్యువల్‌లో పెట్టండి: సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (మన కరెంటు 50 హెర్ట్జ్, వేరే షట్టర్ పెడితే ట్యూబులైటు గీతలు కొట్టొచ్చు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ. స్టాండు మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది) ఆపెయ్యండి. ఆన్‌లో ఉంటే కెమెరా కదలకపోయినా ఫ్రేము సన్నగా తేలుతుంది, రెండు షాట్లూ అతకవు. రికార్డు బటన్ వేలితో నొక్కొద్దు, ఫోన్ యాప్‌తో నొక్కండి. ఆమెతో టేక్ అయిన వెంటనే, ఎవరూ ఏదీ ముట్టకుండా, ఖాళీ గదిని 20 సెకన్లు తీయండి. మధ్యలో టీ తాగి వచ్చారంటే కిటికీ ఎండ జరిగిపోయి ఉంటుంది. ఫ్యాను కూడా ఆపాలి, కర్టెను ఊగితే అతుకు బయటపడిపోతుంది.

భర్త, ఆమె ఒకే ఫ్రేములో ఉంటే ఇద్దరి మధ్య తలుపు చట్టమో స్తంభమో ఉండేలా పెట్టి, ఎడిట్‌లో ఆ గీత దగ్గర మాస్క్ కొయ్యండి (అంటే ఫ్రేములో ఆమె వైపు భాగాన్ని మాత్రమే పారదర్శకం చేయడం). అతని చెయ్యి ఆ గీత దాటిందా, తెగిపోతుంది. పారదర్శకంగా ఉన్న షాటు మూడు సెకన్లకు మించి నిలపొద్దు. తర్వాత అతని చూపు నుంచి తీసిన ఆమె క్లోజప్‌కు కట్ చేయండి, అందులో ఆమె మామూలు మనిషిలా నిండుగా ఉండాలి.

అద్దంగది:
పైన చెప్పింది పనిచేస్తుంది, కాకపోతే కెమెరాలోనే అయిపోయే పాత పద్ధతి ఒకటుంది. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో పెప్పర్ అనే సైన్సు ఉపన్యాసకుడు వేదిక మీద చూపించినది ఇదే. లెన్సు ముందు ఒక అడుగు దూరంలో గాజును 45 డిగ్రీల వాలుగా నిలబెట్టాలి. 50 ఎంఎం లెన్సుకు 2 అడుగులు × ఒకటిన్నర అడుగు ముక్క చాలు. గాజులోంచి గది కనిపిస్తుంది, పక్కన నిలబడిన ఆమె గాజులో ప్రతిబింబంగా పడుతుంది. గదిలో గాజుకు 8 అడుగుల దూరాన కనిపించాలంటే పక్కన కూడా సరిగ్గా 8 అడుగుల్లోనే నిలబడాలి. తేడా వస్తే ఫోకస్, సైజు రెండూ కుదరవు. ఆమె వెనక పూర్తిగా నల్లగుడ్డ.

గాజు కిటికీలకు వేసే 3 లేదా 4 ఎంఎంది తెచ్చుకోండి. డైనింగ్ టేబుల్ మీది 10 ఎంఎంది వాడితే ముందు వైపు, వెనక వైపు రెండు ప్రతిబింబాలు పడి క్లోజప్‌లో కళ్లు జంటగా కనిపిస్తాయి. ఆ కోణంలో మామూలు గాజు వెనక్కి పంపే వెలుతురు సుమారు పదో వంతే. అందుకని గది మసకగా ఉంచి, ఉన్న లైట్లలో పెద్దది ఆమెకే ఇవ్వండి, ఆ వెలుతురు గదిలోకి చిందకుండా అట్ట అడ్డం పెట్టండి. లెన్సుకు పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టరు) ఉంటే తీసెయ్యండి, ప్రతిబింబాన్ని మింగేస్తుంది. మెల్లగా ప్రత్యక్షం కావాలంటే డిమ్మరు తిప్పొద్దు, చవక ఎల్‌ఈడీలు తక్కువలో మిణుకుతాయి. లైటు ముందున్న అట్టను నాలుగు సెకన్లలో జరపండి చాలు.

పాకాల_ప్యాసింజర్:
గాజు పద్ధతి బాగుండాది. కానీ ఫోన్లో చిన్న ముక్కతో చూస్తే పైట కుడి భుజం మీదికి వచ్చేసిందే?

అద్దంగది:
వస్తుంది మరి, అది అద్దం కదా. ఆ షాట్లకు మాత్రం పైట కుడివైపు వేయించండి. ముక్కుపుడక, పాపిట పక్కన పెట్టిన పువ్వు, గడియారం, అన్నీ తారుమారు చేయాలి. గాజు వైపు తిరిగి ఆమె తన ఎడమకు నడిస్తే తెర మీద కూడా ఎడమకే పోతుంది (నేరుగా తీస్తే కుడికి పోయేది), రిహార్సల్ మానిటర్ చూసి చేయండి. భర్తకు ఆమె అక్కడ కనిపించదు కాబట్టి చూపు నిలిపేందుకు ఆమె కళ్ల ఎత్తులో గోడకు ఫ్రేములో పడని చోట టేపు అంటించండి.

రీరికార్డింగ్_అక్క:
ఎకో వద్దు తమ్ముడూ. అతని మాటలు గదిలోనే రికార్డ్ చెయ్యి. ఆమె మాటలు మాత్రం దుప్పట్లు వేలాడదీసిన గదిలో, మైకుకు జానెడు దూరంలో డబ్బింగ్ చెప్పించు. గది ధ్వని లేని గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది, ఆ తేడా చాలు. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా 60 సెకన్లు రికార్డ్ చేసి పెట్టుకో. ఆమె మాట్లాడే ముందు అర సెకనులో ఆ రూమ్ టోన్‌ను 6 నుంచి 10 డెసిబెళ్లు దించు. ఆమె నడకకు శబ్దం వెయ్యొద్దు.

ఇంకోటి. ఆమె ఏం చేయగలదు, ఏం చేయలేదు అనే నియమం స్క్రిప్టులో ఎక్కడుంది? 1990 నాటి హాలీవుడ్ సినిమా ‘ఘోస్ట్’లో చనిపోయినవాడు తలుపులోంచి దూరిపోగలడు కానీ చిన్న వస్తువును కూడా కదపలేడు. అది నేర్చుకోవడమే కథను నడుపుతుంది. ‘మూగ మనసులు’ (1964) దారి వేరు, అది పునర్జన్మ. రెండూ కలపొద్దు. మీ టైలరు కథకైతే ఆమె సూదిలోకి దారం ఎక్కించగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు అనుకోండి. తీయడం సులువు: దారం ముందే ఎక్కించి, ఫ్రేము బయటి నుంచి నెమ్మదిగా వెనక్కి లాగేసి, ఎడిట్‌లో రివర్స్ చేయండి.

కోటగుమ్మం:
రాజమహల్, రాణిమహల్ ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షిత కట్టడాలు. స్టాండు వేసి తీయాలంటే ముందే అనుమతి తీసుకోవల్ల, గేటు దగ్గర బతిమాలితే కాదు. రాజమహల్‌లోని మ్యూజియంకు శుక్రవారం సెలవు. మీ కథ ఇంట్లోదే కదప్పా, కోట ఎందుకు? పదో రోజు సీను స్వర్ణముఖి ఇసుకలో పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలొస్తే ఏరు నమ్మరాదు. పొద్దు గుంకినాక వాడుకోదగ్గ వెలుతురు 20 నిమిషాలే. డిసెంబరులో పావు తక్కువ ఆరుకే గుంకుతాది, ఐదుకల్లా ఫ్రేము పెట్టేసుకోవల్ల. డ్రోనుతో తిరుమల కొండ వైపు అసలు పోవద్దు, అది నిషేధం.

కాకిని పట్టి తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. వేరే రోజు పొద్దున పిట్టగోడ మీద నాలుగు మెతుకులు వేసి, దూరం నుంచి కాకి వాలేది, తల వంచి చూసేది, ఎగిరిపోయేది విడివిడిగా తీసి పెట్టుకోండి. ఆకులో పిండం మాత్రం ఒక్కటే షాటు, కదలకుండా, ఎంత సేపైనా ఎవరూ రానట్టు.