కొత్త ఫీచర్లా, బ్యాటరీయా: ఫోన్‌లో దేనికి పెద్దపీట వేయాలి?

చిరుగాలి:
2003లో వచ్చిన నోకియా 1100లో ఉన్నది 850 ఎంఏహెచ్ బ్యాటరీ. స్టాండ్‌బైలో 400 గంటల వరకూ ఆగుతుందని కంపెనీ చెప్పేది. ఇప్పుడు 5000 ఎంఏహెచ్ మామూలైపోయింది, అయినా సాయంత్రానికి ఛార్జర్ వెతుక్కుంటున్నాం. బ్యాటరీ పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త ఫీచర్ దాన్ని మింగేస్తోంది. రెండేళ్లు కొత్త ఫీచర్లు ఆపేసి కంపెనీలన్నీ బ్యాటరీ మీదే పడాలంటాను. మీరేమంటారు?

నీలిమేఘం:
ఆ పోలికే సరికాదండీ. నోకియా 1100లో ఇంటర్నెట్ లేదు, కెమెరా లేదు, ఉన్నదల్లా చిన్న తెర. ఇప్పుడు ఛార్జింగ్ ఎక్కువగా తినేవి పెద్ద తెర, ఆటలు, వీడియోలు. సిగ్నల్ సరిగా లేనిచోట టవర్‌ని అందుకోవడానికి ఫోన్ పడే తంటా వీటికి అదనం. ఇవన్నీ వదులుకుని ఫోన్ కొంటామా?

పైగా ఆదా చేసేవీ కొత్త ఫీచర్లే. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్, ఫోన్ కదలకుండా పడి ఉన్నప్పుడు యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ప్రతి చుక్కా (పిక్సెల్) విడిగా వెలిగే ఓలెడ్ తెరలో పూర్తి నలుపు ఉన్నచోట పిక్సెళ్లు వెలగనే వెలగవు. ఎల్‌టీపీఓ అనే రకం తెరలు స్క్రోల్ చేసేటప్పుడు బొమ్మను సెకనుకు 120 సార్లు మార్చినా, కదలని పేజీ దగ్గర కొన్ని ఫోన్లలో సెకనుకు ఒకసారికి దిగి ఛార్జింగ్ మిగులుస్తాయి. అన్నీ ఆపేయమంటే ఇలాంటివీ ఆగిపోతాయి.

గోరింక:
ఆపేయమనడం నాకూ నచ్చలేదు. కానీ నీలిమేఘం గారూ, మీరు లెక్కంతా కొత్త ఫోన్ మీద వేస్తున్నారు. అసలు తగాదా ఫోన్ పాతబడ్డాకే మొదలవుతుంది.

లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం 800 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీలో కనీసం 80 శాతం సామర్థ్యం మిగలాలి. సైకిల్ అంటే బ్యాటరీ పూర్తి సామర్థ్యమంత ఛార్జింగ్ ఒకసారి వాడటం; రోజుకో సైకిల్ అనుకుంటే రెండేళ్ల పైచిలుకు. అంటే ఆ నిబంధన పాటించిన ఫోన్‌లోనూ అప్పటికి ఐదో వంతు పోయి ఉండొచ్చు. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ వచ్చి, కొత్త బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని చేసిన ఫీచర్లను ఈ అరిగిన బ్యాటరీ నెత్తిన పెడుతుంది.

మా పిన్ని ఫోన్ అప్‌డేట్ అయినప్పటి నుంచి మధ్యాహ్నానికే ఛార్జింగ్ దిగిపోతోందంటే సెట్టింగ్స్ తెరిచి చూశాను. లాక్ చేసినా గడియారం చూపించే తెర ఆన్‌లో ఉంది. పిలిస్తే పలికే అసిస్టెంట్ ఆన్. గ్యాలరీలో ముఖాలు గుర్తుపట్టి ఫొటోలు వేరుచేసేది, అదీ ఆన్. ఆవిడ వీటిలో ఒక్కటీ అడగలేదు. మూడూ తీసేశాక రాత్రి పడుకునేదాకా వస్తోంది. ఫీచర్లు రానివ్వండి, కానీ ఆఫ్‌లో రావాలి. కావలసినవాళ్లు ఆన్ చేసుకుంటారు.

పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వేగం తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకున్నప్పుడు జనానికి కోపం తెప్పించింది చెప్పకుండా చేయడమే. 2018లో బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించి, ఆ నియంత్రణను ఆపుకునే వీలు కూడా ఇచ్చారు. వాడేవాళ్లకు చెప్పి చేయడం సాధ్యమేనని అక్కడే తేలిపోయింది.

నీలిమేఘం:
ఆఫ్‌లో ఇస్తే చాలామందికి ఆ ఫీచర్ ఉందనే తెలియదు. పోయిన ఫోన్ వెతికిపెట్టేది కూడా ఆఫ్‌లో ఉంచుతారా? పోయాక ఆన్ చేసుకోలేం కదా.

గోరింక:
అది ఆన్‌లోనే ఉండాలి, ఒప్పుకుంటాను. మిగతావాటికి అప్‌డేట్ అయ్యాక ఒక పేజీ చాలు: కొత్తగా ఏం వచ్చాయి, మీ బ్యాటరీ సామర్థ్యం ఇప్పుడెంత, ఫలానాది ఆన్ చేస్తే రోజుకు సుమారు ఎంతసేపు తగ్గుతుంది. ఏ యాప్ ఎంత తిందో ఫోన్ ఇప్పటికే లెక్కగడుతోంది. ఆ లెక్క ముందే చూపించమంటున్నాను.

చిరుగాలి:
ఆ పేజీ ఎవరు చదువుతారు గోరింక గారూ? అందరూ కళ్లు మూసుకుని ఓకే నొక్కేస్తారు.

గోరింక:
నొక్కనివ్వండి. చదవకుండా ఓకే నొక్కినవాళ్ల ఫోన్‌లో కొత్తది ఏదీ ఆన్ కాకూడదు, అంతే.