అప్‌డేట్: పానగల్లు వ్యాసంలో తొలగించిన పేరాల సంగతి

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి తెలుగు వికీపీడియాలో నేను ఒక పుస్తకం నుంచి ఎత్తి రాసి చేర్చిన మూడు పేరాలను, కింద ఆ పుస్తకం పేరు ఇచ్చినప్పటికీ ఎందుకు తొలగించారని పోయిన నెల అడిగాను. ఆ ముడి ఇప్పుడు విడింది. మూలాన్ని పేర్కొనడం వేరు, వాడుకునే హక్కు ఉండడం వేరు. వికీపీడియా పాఠ్యాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఎవరైనా, వ్యాపారానికి సైతం, తిరిగి వాడుకోవచ్చు కనుక, ఇతరుల రచనను ఆ షరతులపై పంచిపెట్టే అధికారం నాకు లేదు.

ఎన్ని పదాల వరకు ఉటంకించవచ్చునని కూడా అడిగాను. 1957 నాటి కాపీరైటు చట్టంలో అలాంటి లెక్కేమీ లేదు. విమర్శ, సమీక్ష వంటి అవసరాలకు సముచితమైన వినియోగాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది, అంతే. గర్భగుడిలో లింగం వెనుక గోడపై పగలంతా కదలకుండా నిలిచే నీడ వాస్తవం, దానిపై ఎవరికీ హక్కు లేదు. దాన్ని ఆ రచయిత వర్ణించిన తీరు మాత్రం ఆయన సొత్తు. కాబట్టి నా సొంత మాటల్లో ఏడు వాక్యాలు రాసి, ఆయనది ఒకే ఒక్క వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి, పుటసంఖ్య చేర్చాను. అది నిలిచింది. శిలాశాసన పాఠం వందల ఏళ్ల నాటిది కనుక ఇబ్బంది లేదు గానీ, దానికి ఇటీవల వచ్చిన అనువాదాన్ని ఎత్తి రాయకూడదట. ఇది నాకు తట్టనేలేదు.

మరో వ్యాసంలో సురవరం ప్రతాపరెడ్డి గారి వాక్యాలు పేరాలకు పేరాలు అలాగే ఉన్నాయే అన్న నా అక్కసుకూ జవాబు దొరికింది. ఆయన 1953లో కన్నుమూశారు. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్కిస్తే, మన దేశంలో ఆయన రచనలపై కాపీరైటు 2013తోనే ముగిసింది.